నడకను చూసి, మాత్ర వేళను అడిగిన క్లినిక్

మా నాన్నగారికి 68 ఏళ్లు. కుడి భుజం పట్టేసిందని నగరంలోని ఒక ఆసుపత్రిలో ఏడు నెలల పాటు భుజానికే చికిత్స చేయించాము. చేతి వణుకు లేకపోవడంతో, కదలికలను మందగింపజేసే మెదడు జబ్బు పార్కిన్సన్స్ అన్న మాట ఎవరి నోటా రాలేదు. చివరికి తెలిసినవారు చెప్పగా, సికింద్రాబాద్ వైపు ఈ జబ్బునే ప్రత్యేకంగా చూసే ఒక న్యూరాలజీ క్లినిక్‌కు వెళ్లాము. ఏడాదిగా అక్కడికే వెళుతున్నాము కనుక ఈ సమీక్ష రాస్తున్నాను.

మొదటి రోజు డాక్టరుగారు స్కాన్ మాట ఎత్తకుండా దాదాపు 40 నిమిషాలు నాన్నగారినే పరీక్షించారు. బొటనవేలిని, చూపుడువేలిని వెడల్పుగా విప్పుతూ వేగంగా కలపమన్నారు. ఎడమ చేయి తడబడలేదు. కుడి చేతి వేళ్లు మాత్రం నాలుగైదు సార్లు బాగా విచ్చుకుని, ఆపైన అంతకంతకూ తక్కువ దూరమే కదిలాయి. కాగితం మీద ఇంటి చిరునామా రాయమంటే, ముత్యాల్లాంటి అక్షరాలకు పేరుపడిన మనిషి ‘మల్కాజిగిరి’ దగ్గరకు వచ్చేసరికి ఆవగింజలంత అక్షరాలు రాశారు. వరండాలో నడిపించినప్పుడు కుడి చేయి ఊగడం లేదని మేము తొలిసారి గమనించాము. ఇంగువ వాసన తెలియడం లేదా, మలబద్ధకం ఉందా, నిద్రలో కేకలు వేస్తూ కాళ్లు విసురుతారా అని అడిగితే, ఆ మూడూ ఎన్నో ఏళ్లుగా ఉన్నవేనని అమ్మ చెప్పింది. కళ్లు తిరగడానికి సిన్నరిజిన్, ఫ్లునరిజిన్ వంటి మందులేమైనా వాడారా అని కూడా ఆరా తీశారు. వాటిని ఎక్కువ కాలం వాడితే పార్కిన్సన్స్ లాంటి లక్షణాలే రావచ్చట.

ఇది పార్కిన్సన్సేనని చెప్పి, ఈ జబ్బును తేల్చే రక్తపరీక్ష మామూలు వైద్యంలో లేదని, ఎమ్మారై తీసేది ప్రధానంగా ఇతర కారణాలు లేవని నిర్ధారించుకోవడానికని, ఈ జబ్బులో మెదడులో తగ్గిపోయే డోపమిన్ అనే రసాయనానికి సంబంధించిన స్కాన్ అనుమానం మిగిలినప్పుడే అవసరమవుతుందని ఓపికగా వివరించారు. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ తాను వర్ణించిన ఆరుగురిలో కొందరిని వీధిలో చూసే గమనించారు. ఈనాటికీ నిర్ధారణకు మొదటి ఆధారం వైద్యుడి చూపే. ఆ చూపు కోసం సమయం వెచ్చించడమే ఈ క్లినిక్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం.

లెవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్ర మొదలుపెట్టారు. డోపమిన్‌ను నేరుగా ఇస్తే అది రక్తం నుంచి మెదడులోకి చేరదు కనుక, లోపలికి వెళ్లి డోపమిన్‌గా మారే లెవోడోపాను ఇస్తారు. అది దారిలోనే ఖర్చయిపోకుండా కార్బిడోపా కాపాడుతుంది. మందు బాగానే పనిచేసింది కానీ, కొన్నాళ్లకు ఉదయం పూట మాత్ర ఎక్కడం లేదనిపించింది. అప్పుడు అక్కడి నర్సమ్మ మా చేత వారం రోజుల పాటు గంట గంటకూ నాన్నగారి కదలికను, తిండిని, మాత్ర వేళను ఒక పుస్తకంలో రాయించారు. లోపం అందులోనే దొరికింది: ఆయన మాత్రను పెసరట్టుతో పాటే వేసుకుంటున్నారు. పప్పులోని మాంసకృత్తులు పేగులో లెవోడోపాకు పోటీ వస్తాయి. డాక్టరుగారి సలహాతో టిఫినుకు అరగంట ముందు వేయడం మొదలుపెట్టాక, మోతాదు పెంచకుండానే ఆయన తన చొక్కా గుండీలు తానే పెట్టుకోగలిగారు. ఆ ఉదయం అమ్మ సాయం చేయబోయి చేతులు వెనక్కి తీసుకోవడం నా కళ్ల ముందే ఉంది.

బంధువులు దూలగొండి పొడి తెచ్చిన సంగతి చెప్పినా డాక్టరుగారు కసురుకోలేదు. ఆ గింజల్లో సహజంగానే లెవోడోపా ఉంటుందని, మాత్రకు తోడు కొలత తెలియని పొడి కలిస్తే మోతాదు అదుపు తప్పుతుందని చెప్పారు. మెదడులో ఎలక్ట్రోడ్లు అమర్చే డీబీఎస్ గురించి అడిగితే, అది జబ్బును నయం చేయదని, మాత్రల ప్రభావం నిలకడగా లేనివారిలో కొందరికే తగినదని, నాన్నగారికి ఇప్పుడు ఆ అవసరం లేదని స్పష్టంగా అన్నారు.

లోపాలూ ఉన్నాయి. అపాయింట్‌మెంట్ 10 గంటలకైతే లోపలికి పిలిచేది 12 దాటాకే. 11 గంటల మాత్ర తెచ్చుకోని రోగులు కుర్చీలోనే బిగుసుకుపోవడం చూశాను. ఇటువంటి రోగులు వచ్చే చోట మరుగుదొడ్డికి ఎత్తైన గడప ఉండడం ఏ మాత్రం తగదు. నాన్నగారు ఒకసారి తూలితే వార్డుబాయ్ పట్టుకున్నారు. వ్యాయామాల కరపత్రం ఇంగ్లిషులోనే ఉంది, దాన్ని అమ్మ కోసం నేను తెలుగులో రాసిపెట్టవలసి వచ్చింది.

ఇన్ని ఇబ్బందులున్నా ఈ క్లినిక్‌కే వెళ్లమంటాను. పాత మందుల చీటీలన్నీ, మాత్ర వేళలు రాసిన పుస్తకం, ఆ పూట వేసుకోవలసిన మాత్ర, ఒక మంచినీళ్ల సీసా వెంట తీసుకెళ్లండి. ఆలస్యమైందని మాత్ర మానవద్దు.