కంపాషనేట్ అలవెన్సెస్: తీర్పు వారాల్లో, డబ్బు నెలల్లో

అమెరికా సోషల్ సెక్యూరిటీలో డిజెబిలిటీ (జబ్బు వల్ల పని చేయలేనివాళ్లకిచ్చే భత్యం) దరఖాస్తు తేలడమంటే మామూలుగా నెలల మాట. జబ్బు పేరు చూడగానే మంజూరు ఖాయమని తెలిసే కేసులు కూడా అదే వరసలో నిలబడకుండా పెట్టిన ఏర్పాటు ఈ కంపాషనేట్ అలవెన్సెస్. 2008లో 50 జబ్బులతో మొదలై, 2025 ఆగస్టుకి 300కి చేరింది. పాంక్రియాస్ కాన్సర్, ఏఎల్‌ఎస్ (నరాలు దెబ్బతిని కండరాలు చచ్చుబడే జబ్బు), గ్లయోబ్లాస్టోమా (ఒక రకం మెదడు కాన్సర్), చిన్న వయసులో వచ్చే అల్జీమర్స్, పిల్లల్లో టే-శాక్స్ (నరాలను దెబ్బతీసే వంశపారంపర్య జబ్బు) లాంటివన్నీ అందులో ఉన్నాయి.

దీనికి వేరే ఫారమ్ లేదు, అదనంగా ఏమీ అడగక్కర్లేదు. మామూలు దరఖాస్తులో రాసిన జబ్బు పేరును సాఫ్ట్‌వేర్ చదివి ఫైలుకి గుర్తు పెడుతుంది. సౌకర్యం అదే, చిక్కూ అదే. ‘బ్రెస్ట్ కాన్సర్’ అని రాసి ఊరుకుంటే గుర్తు పడకపోవచ్చు. ఆ జబ్బు జాబితాలోకి రావాలంటే దూరపు అవయవాలకి పాకి ఉండాలి, లేదా ఆపరేషన్‌తో తీసేయలేనిదై ఉండాలి. కాబట్టి దరఖాస్తులో జబ్బు వివరాలడిగే ఎస్‌ఎస్‌ఏ-3368 ఫారమ్‌లో జబ్బు పేరు, స్టేజీ, ఎక్కడికి పాకిందో పాథాలజీ రిపోర్టులో ఉన్న మాటల్లోనే దించాలి. ‘నీరసం, కడుపునొప్పి’ అంటూ లక్షణాలు రాసేవాళ్లే ఎక్కువ నష్టపోతారు. స్పెల్లింగ్ కూడా రిపోర్టు చూసే రాయాలి.

తీర్పు చెప్పేది డీడీఎస్, అంటే డిజెబిలిటీ కేసులు పరిశీలించే రాష్ట్ర కార్యాలయం. వాళ్లకి కావలసింది లావుపాటి ఫైలు కాదు, సరైన కాగితం. కాన్సరైతే బయాప్సీ రిపోర్టు, ఆపరేషన్ నోట్, స్కాన్లు. ఏఎల్‌ఎస్ అయితే న్యూరాలజిస్టు పరీక్ష వివరాలు, ఈఎమ్‌జీ (కండరాల విద్యుత్ పరీక్ష). ఆస్పత్రి పంపుతుందిలే అని కూర్చోకుండా మనమే జతచేస్తే వారాలు కలిసొస్తాయి. వైద్య రికార్డులు తెప్పించుకోవడానికి అనుమతిచ్చే ఎస్‌ఎస్‌ఏ-827 ఫారమ్ మీద సంతకం లేకపోతే మాత్రం రికార్డులు అడిగే అధికారమే వాళ్లకి ఉండదు, ఫైలు అక్కడే ఆగుతుంది.

ఇంతవరకూ మంచి మార్కులే. డబ్బు దగ్గరే పేచీ. త్వరపడేది వైద్య నిర్ణయం ఒక్కటే, మిగతా నిబంధనలేవీ కదలవు. పని చేసి సోషల్ సెక్యూరిటీ పన్ను కట్టినవాళ్లకి వచ్చే డిజెబిలిటీ భత్యం ఎస్‌ఎస్‌డీఐకి అయిదు పూర్తి నెలల వెయిటింగ్ ఉంది. మార్చి 10న పని ఆగిందనుకోండి, ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఏమీ రాదు. సెప్టెంబరు డబ్బు అక్టోబరులో పడుతుంది. ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ ఆ సెప్టెంబరు నుంచి మరో 24 నెలలకి. నాలుగో స్టేజీ కాన్సరున్న మనిషిని అంతకాలం ఆగమనడం నిర్దయే. ఈ రెండు నిరీక్షణలూ లేనిది ఏఎల్‌ఎస్‌కి మాత్రమే.

అందుకే పని ఆగిన తేదీ విలువైనది. సిక్ లీవు మీద జీతం వస్తున్నా అది పని చేసినట్టు కాదు, ఆఖరిసారి నిజంగా పని చేసిన రోజే రాయాలి. ఆలస్యంగా దరఖాస్తు చేసినా వెనక్కి 12 నెలల వరకూ బకాయి ఇస్తారు. ఇంకా పని చేస్తూ 2026లో నెలకి 1,690 డాలర్లు దాటి సంపాదిస్తుంటే జబ్బు ఎంత తీవ్రమైనదైనా వైద్య ఫైలు తెరవకుండానే తిరస్కరిస్తారు.

హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకి అసలు అర్హతే లేదనే ప్రచారం తప్పు. చట్టబద్ధంగా పని చేస్తూ పన్ను కట్టి, వయసుకి తగినన్ని క్రెడిట్లు (సంపాదన మీద సోషల్ సెక్యూరిటీ లెక్కగట్టే పాయింట్లు) కూడబెట్టుకుంటే ఎస్‌ఎస్‌డీఐ వస్తుంది. ఇండియాతో టోటలైజేషన్ ఒప్పందం (రెండు దేశాల్లోని ఉద్యోగ కాలాన్ని కలిపి లెక్కించేది) లేదు కాబట్టి అక్కడి ఉద్యోగ కాలం మాత్రం కలవదు. ఆదాయం, ఆస్తి తక్కువున్నవాళ్లకిచ్చే ఎస్‌ఎస్‌ఐ దారి వేరు: హెచ్-1బీకి లేదు, గ్రీన్‌కార్డుకీ షరతులున్నాయి, ఆస్తి 2,000 డాలర్లు, దంపతులకైతే 3,000 దాటకూడదు. అయితే అందులో అయిదు నెలల వెయిటింగ్ ఉండదు. కొన్ని జబ్బులకి తీర్పు రాకముందే ఆరు నెలల వరకూ తాత్కాలికంగా చెల్లిస్తారు. తర్వాత వైద్య కారణంతో తిరస్కరించినా ఆ డబ్బు వెనక్కి అడగరు.

మెడికేర్ వచ్చేలోపు ఇన్సూరెన్స్‌కి కోబ్రా (ఉద్యోగం పోయాక కంపెనీ ఆరోగ్య బీమాని సొంత ఖర్చుతో కొనసాగించే ఏర్పాటు) ఒక ఆసరా. కోబ్రాలోకి వచ్చిన మొదటి 60 రోజుల్లోపే డిజెబిలిటీ మొదలైనట్టు సోషల్ సెక్యూరిటీ తేలిస్తే దాని 18 నెలల గడువు 29 నెలలవుతుంది, అదనపు నెలలకి ప్రీమియం ప్లాన్ ఖర్చులో 150 శాతం దాకా ఉండొచ్చు. మంజూరు ఉత్తరం కాపీని గడువులోగా ప్లాన్ వాళ్లకి పంపాలి. కంపెనీ హెచ్‌ఆర్ ఈ సంగతి గుర్తుచేస్తుందని నమ్ముకోవద్దు.