గుంటూరు మిర్చికి, బెజవాడ వరదకు ఏ ఉపగ్రహం మేలు?

ఉపగ్రహం అనగానే మనవాళ్లు మొదట అడిగేది, ఎంత చిన్న వస్తువు కనిపిస్తుంది అని. ఆ లెక్కన మన ఉపగ్రహాల్లో 2019 నవంబరులో శ్రీహరికోట నుంచి వెళ్లిన కార్టోశాట్-3కి తిరుగులేదు. ఫొటోలో ఒక చుక్క అంటే నేల మీద పావు మీటరు, కాస్త అటూ ఇటూ. బందరు రోడ్డు మీద కారేదో, ఆటో ఏదో చెప్పేయొచ్చు. అయితే అది ఒక్కసారికి చూసే పట్టీ వెడల్పు 16 కిలోమీటర్లే. ఊళ్ల మ్యాపులకు, రాజధాని కట్టడాలకు బాగుంటుంది. ప్రత్తిపాడు నుంచి పల్నాడు దాకా మిర్చి ఎలా ఉందో చూడాలంటే చాలదు.

మిర్చికి కావలసింది వేరే చూపు. పచ్చని ఆకు ఎరుపు కాంతిని మింగేసి, కంటికి కనపడని పరారుణ కాంతిని వెనక్కి కొడుతుంది. మొక్క నీరసిస్తే ఆ తేడా తగ్గుతుంది. 2021-22లో నల్ల తామర పురుగు తోటలను ఊడ్చేసిన రోజులు గుర్తున్నవాళ్లకు ఈ మాట విలువ తెలుస్తుంది. అది పురుగా, నీటి ఎద్దడా అన్నది మాత్రం ఉపగ్రహం చెప్పలేదు, మనిషి పొలానికి వెళ్లాల్సిందే. ఏ పొలానికి ముందు వెళ్లాలో చెబుతుంది, అదే చాలు.

ఈ పనికి మన దగ్గరున్నవి 2011 నాటి రిసోర్స్‌శాట్-2, 2016 నాటి 2ఏ. వాటిలో లిస్-3 కెమెరా చుక్క 23.5 మీటర్లు. ఎకరానికి ఏడే చుక్కలు, గట్టూ పక్క చేనూ కలిసిపోతాయి. లిస్-4 చుక్క 5.8 మీటర్లు, అంటే సెంటు కన్నా కాస్త తక్కువ. ఎకరానికి 120 చుక్కలు, మన చిన్న కమతాలకు సరిగ్గా సరిపోయే కొలత. చిక్కల్లా మళ్లీ ఎప్పుడొస్తుందన్నదే. ఒక్కో రిసోర్స్‌శాట్ అదే దారిలోకి తిరిగి రావడానికి 24 రోజులు. పురుగు అన్నాళ్లు ఆగుతుందా? యూరప్ వాళ్ల సెంటినెల్-2 జంట అయిదు రోజులకోసారి, 10 మీటర్ల చుక్కతో, ఉచితంగా ఇస్తోంది. మనదనే అభిమానం ఎంతున్నా, ఇవాళ మిర్చి చేను చూడాలంటే నేను తెరిచేది సెంటినెల్ ఫొటోలే.

వరద దగ్గర కథ మారిపోతుంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు సింగ్ నగర్‌ను ముంచినప్పుడు, ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు వదులుతున్నప్పుడు ఆకాశమంతా మబ్బు. ఫొటో తీసే ఉపగ్రహం ఎంత ఖరీదైనదైనా దానికి కనిపించేది తెల్లటి మబ్బే. 2023 డిసెంబరులో, వరి కోతల వేళ మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడూ అంతే. అలాంటప్పుడు దిక్కు రాడార్ ఒక్కటే. 2022లో పంపిన మన రాడార్ ఉపగ్రహం ఈఓఎస్-04 తానే తరంగాలు పంపి, తిరిగొచ్చిన వాటితో బొమ్మ గీస్తుంది కాబట్టి మబ్బుల్లోంచి, చీకట్లో కూడా చూడగలదు. నిశ్చలంగా ఉన్న నీళ్లు రాడార్ తరంగాలను పక్కకు తోసేస్తాయి కాబట్టి మునిగిన పొలం నల్లగా కనిపిస్తుంది.

అలాగని రాడార్‌ను గుడ్డిగా నమ్మలేం. ఇళ్ల మధ్య నీళ్లు నిలిస్తే తరంగం నీటికీ గోడకూ తగిలి నేరుగా వెనక్కి వస్తుంది, వీధి మెరిసిపోతుంది. అందుకే పొలాల ముంపు తేలినంత తేలిగ్గా కాలనీల ముంపు తేలదు. మబ్బు విడిచాక ఇళ్ల నష్టం లెక్కకట్టడానికి కార్టోశాట్ ఫొటోయే పనికొస్తుంది.

ఒక్కదానికే డబ్బులున్నాయంటే నా ఓటు ఇంకా పదునైన కెమెరాకు కాదు. లిస్-4 లాంటి కెమెరాలతో నాలుగైదు చిన్న ఉపగ్రహాలు పంపి, వారం తిరిగేలోగా ప్రతి చేనూ కనపడేలా చేయడానికే. వాన వారాలకు రాడార్ ఎటూ ఉంటుంది. పైగా 2023 అంతరిక్ష విధానం ప్రకారం 5 మీటర్లు, అంతకన్నా ముతక ఫొటోలు అందరికీ ఉచితం. లిస్-4 ఆ గీత దాటకుండా ఇవతలే ఉంది. కార్టోశాట్ ఫొటో కావాలంటే ప్రభుత్వం కానివాళ్లు డబ్బు కట్టాలి.