పిప్పిపన్నుకు ఎక్కడికెళ్తే మేలు: గవర్నమెంట్ ఆసుపత్రా, డెంటల్ కాలేజా, ఊళ్ళో క్లినిక్కా?

పంటి నొప్పి వస్తే మన గోదావరి జిల్లాల్లో చాలా ఇళ్ళలో జరిగేది ఒకటే. ముందు లవంగ నూనె, తర్వాత మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలు, వాటికీ తగ్గకపోతే "పీకించేస్తే పోద్ది" అన్న నిర్ణయం. ఈలోగా ఎవరో, పన్ను పీకకుండా లోపలి పాడైన నరం తీసి శుభ్రం చేసి మూసే రూట్ కెనాల్‌కి ఎంతవుతుందో చెబుతారు, అది విన్నాక పీకించుకోవడమే నయమనిపిస్తుంది. ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళకి ఈ బాధ లేదనుకుంటాం గానీ, మామూలు హెల్త్ పాలసీల్లో చాలావాటికి పంటి వైద్యం వర్తించదు. యాక్సిడెంట్‌లో దెబ్బ తగిలి ఆసుపత్రిలో చేరితే తప్ప ఇవ్వరు. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు మీద కూడా పిప్పిపన్నుకి సిమెంట్ (పుచ్చు తీసి నింపడం), రూట్ కెనాల్, క్యాప్ (పంటి మీద తొడుగు) లాంటివి జరగవు. దవడ ఎముక విరిగినా, నోట్లో క్యాన్సర్ తేలినా మాత్రం ఆ కార్డు తప్పకుండా పట్టుకెళ్ళండి. మిగతా వాటికి అందరం జేబులోంచి తీయాల్సినవాళ్ళమే.

కాబట్టి డబ్బు తక్కువగా ఉన్నప్పుడు ఎక్కడికెళ్ళాలో ముందే తెలిసి ఉండాలి. నొప్పి మొదలయ్యాక ఆలోచించే ఓపిక ఉండదు. నా లెక్కలో ముందు చూసుకోవాల్సింది రేటు కాదు, పన్ను ఏ దశలో ఉందన్నది. చల్లటి నీళ్ళు తాగితే జివ్వుమని, వెంటనే తగ్గిపోతే పుచ్చు ఇంకా నరం దాకా వెళ్ళి ఉండకపోవచ్చు. అప్పుడు సిమెంట్‌తో సరిపోవచ్చు. పడుకున్నాక దానంతటదే పోటు మొదలై, చెవి దాకా లాగుతూ నిద్ర పట్టనివ్వకపోతే చాలాసార్లు అది రూట్ కెనాల్ దాకా వెళ్ళినట్టే. మొదటి దశలో వందల్లో అయిపోయే పని రెండో దశలో వేలల్లోకి వెళ్తుంది.

ముందు గవర్నమెంట్ ఆసుపత్రి సంగతి. ఏరియా ఆసుపత్రుల్లో, కొన్ని సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో పళ్ళ డాక్టర్ ఉంటారు. కాకినాడలో రంగరాయ మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న పెద్దాసుపత్రిలో పళ్ళ విభాగమే ఉంది. ఓపీ చీటీ తీసుకుని వెళ్తే పన్ను పీకడం, మందులు దాదాపు ఖర్చు లేకుండా అయిపోతాయి. కదిలిపోయి ఊడటానికి సిద్ధంగా ఉన్న పన్నుకీ, వేరు మాత్రమే మిగిలి చీము పట్టిన పన్నుకీ ఇంతకంటే మంచి చోటు లేదు. షుగర్, బీపీ ఉన్నవాళ్ళకి ఇంకో లాభం కూడా ఉంది. అదే ఆవరణలో రక్త పరీక్ష, ఫిజీషియన్ ఉంటారు కాబట్టి షుగర్ ఎక్కువుంటే తగ్గించాకే పీకుతారు. గుండెకి రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే అడగకపోయినా మీరే చెప్పండి, ఆ చీటీ చూపించండి.

ఇబ్బంది ఎక్కడంటే, రూట్ కెనాల్ అన్ని చోట్లా చెయ్యరు. కొన్నిచోట్ల సామాన్లు ఉండవు, కొన్నిచోట్ల రోజంతా ఓపీకే సరిపోతుంది. ఇక్కడే చాలామంది నష్టపోతున్నారు. ఉచితంగా దొరికేది పీకడమొక్కటే కాబట్టి, నిలబెట్టుకోగలిగిన పన్ను కూడా పీకించేసుకుంటున్నారు. దవడ పన్ను తీసేస్తే ఖర్చు అక్కడితో ఆగదు. పక్క పళ్ళు మెల్లగా ఆ ఖాళీలోకి వాలతాయి, ఎదుటి పన్ను కిందకో పైకో జారుతుంది, నమలడమంతా రెండో వైపు పడుతుంది. కొన్నేళ్ళకి అటుపక్క కూడా అరగొచ్చు. అప్పుడు బ్రిడ్జి వేయించుకోవాలంటే అటో పన్నూ ఇటో పన్నూ అరగదీసి కనీసం మూడు క్యాపులు కలిపి పెట్టాలి, రూట్ కెనాల్ కంటే అది ఎక్కువే అవుతుంది. జ్ఞానదంతం సంగతి వేరు, అది వంకరగా వచ్చి బాధపెడుతుంటే పీకించేసుకోవడమే సరైన పని.

డెంటల్ కాలేజీల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళు పెద్దగా వాడుకోని అవకాశం ఇదే. డెల్టాకి ఈ విషయంలో అదృష్టం ఉంది. భీమవరంలో విష్ణు డెంటల్ కాలేజీ ఉంది. రాజమండ్రి దాటాక రాజానగరం దగ్గర జీఎస్ఎల్, లెనోరా ఉన్నాయి. ఏలూరు పక్కన దుగ్గిరాలలో సెయింట్ జోసెఫ్ ఉంది. ఇవన్నీ ప్రైవేటువే. ప్రభుత్వ డెంటల్ కాలేజీ కావాలంటే విజయవాడ వెళ్ళాలి. ప్రైవేటు కాలేజీ అయినా చేతులు తిరగడానికి విద్యార్థులకి పేషెంట్లు కావాలి, అందుకే బయట క్లినిక్‌తో పోలిస్తే రేట్లు బాగా తక్కువ ఉంటాయి.

"పిల్లల చేత చేయించుకోవడమా" అని భయపడతారు. అక్కడ పని ఎలా నడుస్తుందో చూస్తే ఆ భయం చాలావరకు పోతుంది. మొదట నోటి జబ్బులు పరీక్షించే ఓరల్ మెడిసిన్ విభాగంలో కూర్చోబెట్టి నోరంతా చూసి కేస్ షీట్ రాస్తారు, ఎక్స్‌రే తీస్తారు. నొప్పి ఉన్న పన్ను ఒక్కదాన్నే కాదు, అన్నీ చూస్తారు. తర్వాత పనిని బట్టి రూట్ కెనాల్‌కి ఒక విభాగానికి, చిగుళ్ళకి ఇంకో విభాగానికి, పీకడానికి మరో దానికి పంపుతారు. రూట్ కెనాల్ చేసేటప్పుడు పంటి వేరు పొడవు కొలవడానికి సన్నటి సూది లాంటిది లోపల పెట్టి ఎక్స్‌రే తీస్తారు. ఆ ఫిల్మ్ పట్టుకుని విద్యార్థి వెళ్ళి మేడంకో సార్‌కో చూపించి, వాళ్ళు సరే అన్నాకే ముందుకెళ్తారు. బయట అరగంటలో అయిపోయేదానికి ఇక్కడ పూట పట్టేది అందుకే. పైగా ముందు పళ్ళకి మామూలుగా బీడీఎస్ (పళ్ళ డాక్టర్ డిగ్రీ) విద్యార్థులు చేస్తే, నరాలు ఎక్కువుండే దవడ పళ్ళకి ఎక్కువగా ఆపై చదువు ఎండీఎస్ చదివే డాక్టర్లు చేస్తారు. వాళ్ళు అప్పటికే బీడీఎస్ పూర్తిచేసిన పళ్ళ డాక్టర్లే.

పెద్దవాళ్ళకి కట్టుడు పళ్ళ సెట్టు కావాలంటే నేను ఇంకో చోటు చెప్పను. మా పిన్ని సెట్టు కాలేజీలోనే చేయించాం. మైనపు వరసలో పళ్ళు అమర్చి ఆవిడ నోట్లో పెట్టి, "బామ్మా, యాభై ఐదు, అరవై ఆరు అని చెప్పండి" అని సెట్టు చేస్తున్న విద్యార్థిని పలికించింది. పలుకు ఎక్కడ తేడా పడుతోందో విని, రెండు పళ్ళు తీసి మళ్ళీ అమర్చింది. కొలత తీయడం, రెండోసారి అచ్చు, పళ్ళు కలిసే ఎత్తు చూడటం, మైనం మీద పెట్టి చూడటం, చివరికి సెట్టు ఇవ్వడం, ఆ తర్వాత ఒత్తుకున్న చోట అరగదీయించుకోవడం, ఇన్ని విడతలు ఉంటాయి. సమయం ఉన్న పెద్దవాళ్ళకి ఇది భారం కాదు. సెట్టు కేసులు విద్యార్థుల చదువులో భాగం కాబట్టి వాళ్ళే ఫోన్ చేసి మరీ రమ్మంటారు.

కాలేజీలకి లోపాలు లేవని కాదు. పగటి పూటే పని చేస్తాయి, పండగలకి, పరీక్షలప్పుడు పని నెమ్మదిస్తుంది. ఒక విద్యార్థి పోస్టింగ్ మారితే మీ పన్ను మధ్యలో ఆగే ప్రమాదం ఉంది. అందుకే వెళ్ళిన మొదటి రోజే ఓపీ నంబరు, చేస్తున్నవాళ్ళ పేరు, ఏ విభాగమో రాసుకోండి, తాత్కాలిక సిమెంట్ పెట్టి పంపితే ఎన్నాళ్ళలో తిరిగి రావాలో అడగండి. ఆ సిమెంట్ ఊడిపోయాక వారాల తరబడి వదిలేస్తే లోపల మళ్ళీ ఇన్ఫెక్షన్ చేరి, చేసిన పనంతా వృథా అవుతుంది. ఊళ్ళోకి కాలేజీవాళ్ళు క్యాంపు పెట్టుకుని వస్తే మాత్రం వదులుకోకండి. అక్కడ ఇచ్చే చీటీతో కాలేజీలో ఏం తగ్గిస్తారో, బస్సు ఏర్పాటు ఉందో లేదో నోరు తెరిచి అడగండి.

ఇక ఊళ్ళో క్లినిక్. పాలకొల్లు, తణుకు, అమలాపురం, రావులపాలెం, ఎక్కడ చూసినా ఉన్నాయి, సాయంత్రం పూట కూడా తెరిచి ఉంటాయి. రూట్ కెనాల్‌కి డాక్టర్ని బట్టి సుమారు రెండున్నర వేల నుంచి ఐదు వేల దాకా, క్యాప్‌కి విడిగా అనుకోండి. ఎంత చెప్పినా మనవాళ్ళు మర్చిపోయేది ఆ రెండోదే. రూట్ కెనాల్ చేసిన దవడ పన్ను పెళుసుగా అవుతుంది. నొప్పి పోయింది కదా అని క్యాప్ వేయించకపోతే గట్టి పకోడీ కొరికినప్పుడో, చెరకు ముక్క నమిలినప్పుడో చీలిపోవచ్చు. నిలువునా చీలితే పీకడమే గతి, పెట్టిన డబ్బంతా పోయినట్టే. కాబట్టి మొదటి రోజే క్యాప్‌తో కలిపి ఎంతవుతుందో అడగండి. క్యాపుల్లో పంటి రంగులో ఉండే జిర్కోనియా ఖరీదైనది. వెనకాల ఎవరికీ కనపడని దవడ పంటికి మెటల్ క్యాప్ చవకగా వస్తుంది, గట్టిగా నిలుస్తుంది. "మెటల్‌ది వెయ్యండి" అని అడగడానికి మొహమాటపడొద్దు.

సిట్టింగ్ సిట్టింగ్‌కి కొంత ఇస్తామంటే చాలామంది డాక్టర్లు ఒప్పుకుంటారు. ఒకేసారి నాలుగు పళ్ళకి చెబితే, ఏది ఆగదు, ఏది రెండు నెలలు ఆగుతుందని అడగండి. ఎక్స్‌రే మీ ఫోన్‌లో ఫొటో తీసుకోండి, కాలేజీకి వెళ్ళి చూపించుకోవాలనుకుంటే పనికొస్తుంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. సంతల్లో, బస్టాండ్ పక్కన పెట్టె పెట్టుకుని పళ్ళు కట్టేవాళ్ళ దగ్గరికి వెళ్ళొద్దు. వాళ్ళు ఊడిన పన్ను స్థానంలో ప్లాస్టిక్ పిండి లాంటిది పోసి పక్క పళ్ళకి అతికించేస్తారు. దాని కింద బ్రష్ దూరదు, చిగురు కుళ్ళుతుంది, ఆనిన మంచి పళ్ళు కూడా కదిలిపోతాయి. రిజిస్ట్రేషన్ లేనివాళ్ళు పళ్ళ వైద్యం చెయ్యకూడదని 1948లోనే డెంటిస్ట్స్ చట్టం వచ్చింది. డాక్టర్ పేరు పక్కన బీడీఎస్, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో చూసుకోండి.

మరి ఎవరికి ఏది మేలు? ఇక్కడ ప్రయాణం లెక్క కూడా కలపాలి. సఖినేటిపల్లి వాళ్ళు పంటు (మనుషుల్నీ బళ్ళనీ గోదావరి దాటించే పడవ) ఎక్కి నర్సాపురం వచ్చి, అక్కణ్ణుంచి భీమవరం వెళ్ళాలి. రాజోలు వాళ్ళకి చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు, ఆపైన భీమవరం. అమలాపురం నుంచి రాజానగరం వెళ్ళొస్తే ఒక రోజు పోయినట్టే. ఒక్క పన్నుకి సిమెంట్ కోసం ఇంత తిరగడం దండగ, దాన్ని ఈ వారమే దగ్గర క్లినిక్‌లో వేయించేసుకోండి. అదే రెండు మూడు రూట్ కెనాళ్ళు, చిగుళ్ళ వైద్యం, పళ్ళ సెట్టు ఉంటే బస్సు ఛార్జీలు పోయినా కాలేజీలోనే చాలా మిగులుతుంది. రోజు కూలి మీద బతికేవాళ్ళు, రొయ్యల చెరువు మీద కాపలా ఉండేవాళ్ళు పోయే కూలి కూడా కలుపుకుని చూసుకోవాలి. వాళ్ళకి ఒక్క రూట్ కెనాల్ అయితే విడతలుగా డబ్బిచ్చి సాయంత్రం క్లినిక్‌లో చేయించుకోవడమే కలిసొస్తుంది. ఎక్కువ పని ఉంటే దాళ్వా (రబీ వరి) కోతలయ్యాక ఖాళీ చూసుకుని కాలేజీ పెట్టుకోవచ్చు. గోదావరి మధ్య ఉండే లంక గ్రామాల వాళ్ళు వరదల ముందే పని ముగించుకుంటే మంచిది. వరదలో పడవ మీద పంటి నొప్పితో రావడం నరకం.

ఏ లెక్కా వెయ్యకుండా వెంటనే కదలాల్సినవి రెండున్నాయి. దవడ కిందా మెడా వాచి, నోరు తెరుచుకోక, మింగుడు పడక, జ్వరం వస్తే ఆ రాత్రే కాకినాడ పెద్దాసుపత్రికో, దగ్గర్లో ఇరవై నాలుగు గంటలూ ఉండే పెద్ద ఆసుపత్రికో వెళ్ళాలి. ఆ వాపు గొంతుకి పాకితే ఊపిరి ఆగిపోతుంది. రెండోది, గుట్కా, కిళ్ళీ, చుట్ట అలవాటున్నవాళ్ళకి బుగ్గ లోపల తెల్లటి మచ్చ గానీ, మూడు వారాలైనా మానని పుండు గానీ ఉంటే నొప్పి లేదని ఊరుకోవద్దు. డెంటల్ కాలేజీలో ఓరల్ మెడిసిన్ విభాగానికి వెళ్ళి చూపించండి. అనుమానం ఉంటే ముక్క తీసి పరీక్షకి పంపుతారు.