ఆ నల్ల హెల్మెట్ కొనకండి, కొన్నవారు ఈ రోజే లోపల విప్పి చూడండి

మనలో చాలామంది హెల్మెట్లు ఒకే అమ్మకందారు దగ్గర కొన్నారు, ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. నాణ్యతా ముద్ర ఉందంటూ ఆయన సగం ధరకు అమ్ముతున్న నల్ల హెల్మెట్ గురించే నేను రాస్తున్నాను. రెండు నెలల కిందట నేనే ఎంచి, నేనే డబ్బు కట్టి, మా తమ్ముడికీ నాకూ చెరొకటి తెప్పించాను.

మొన్న తమ్ముడు మలుపు దగ్గర ఇసుక మీద జారి పడ్డాడు. వేగం పెద్దగా లేదు. అయినా తల నేలకు తగిలేలోపే గడ్డం కింద క్లిప్ ఊడిపోయి, హెల్మెట్ దూరంగా దొర్లుకుంటూ పోయింది. తలకు తొమ్మిది కుట్లు పడ్డాయి. లోపల రక్తస్రావం లేదని స్కానింగ్‌లో తేలేవరకు అమ్మ కూర్చున్న చోటి నుంచి లేవలేదు.

ఇంటికి వచ్చాక లోపలి గుడ్డ పీకి చూశాను. అక్కడ గట్టిగా కూర్చిన థర్మోకోల్ పొర ఉండాలి. దెబ్బ తగిలినప్పుడు తాను నలిగి, ఆ తాకిడి ఒక్కసారిగా తలకు చేరకుండా కాపాడేది ఆ పొరే. నేను కొన్నదానిలో ఉన్నది మెత్తని స్పాంజి ముక్క మాత్రమే. వేలితో నొక్కితే వేలు నేరుగా ప్లాస్టిక్ డొప్పకు తగిలింది. వెనక అతికించిన నాణ్యతా ముద్ర గోటితో గీకగానే ఊడి వచ్చింది. కొన్న రోజే ఈ రెండు నిమిషాల పని చేసి ఉంటే తమ్ముడి తలకు ఆ కుట్లు పడేవి కావేమోనన్న ఆలోచన నన్ను వదలడం లేదు.

నిన్న అమ్మకందారుకు ఫోన్ చేశాను. నేను చెప్పినదంతా విని, ఆయన ఏ మాత్రం తడబడకుండా ఇలా అన్నాడు: "పోలీసులు ఆపితే తల మీద ఒకటి ఉండాలి కదండీ, ఇది దానికోసమే. దెబ్బ తగలకుండా ఉండాలంటే మీరు వేరేది కొనుక్కోవాల్సింది." ఆ మాట ఇంకా నా చెవిలోనే ఉంది. అంటే అది తలను కాపాడదని ఆయనకు ముందే తెలుసు. తెలిసే దానికి ముద్ర అతికించి అమ్మాడు. డబ్బు తిరిగి ఇస్తారా అని అడిగేలోపే ఫోన్ పెట్టేశాడు.

హెల్మెట్ పెట్టుకుంటే ప్రమాదంలో మరణించే ముప్పు సుమారు 42 శాతం, తలకు గాయమయ్యే ముప్పు 69 శాతం తగ్గుతాయని పరిశోధనలను కలిపి చూసినవారు లెక్కగట్టారు. ఆ భరోసాతోనే కదా ప్రభుత్వాలు చట్టాలు చేస్తున్నది. వియత్నాం 2007 డిసెంబరు 15 నుంచి మోటారు సైకిళ్ల మీద వెళ్లే వారందరికీ హెల్మెట్ తప్పనిసరి చేస్తే దాదాపు అందరూ పెట్టుకోవడం మొదలుపెట్టారు, కానీ నాసిరకం హెల్మెట్ల బెడద అక్కడా తప్పలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నివేదిక ప్రకారం రోడ్డు ప్రమాదాల్లో ఏటా సుమారు 11.9 లక్షల మంది చనిపోతుంటే, అందులో 92 శాతం పేద, మధ్యాదాయ దేశాలవారే. ప్రపంచంలోని వాహనాల్లో ఆ దేశాల్లో ఉన్నవి మాత్రం దాదాపు 60 శాతమే. ఇలాంటి చోట పెట్టుకోని వారిని పట్టుకుంటే సరిపోదు, ఉత్త డొప్పను అమ్మేవారినీ పట్టుకోవాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

కొనేటప్పుడు గుడ్డ పక్కకు తీసి థర్మోకోల్ పొరను చూడండి, పట్టీ బిగించి గట్టిగా లాగండి. ఐక్యరాజ్యసమితి 22వ నిబంధన ప్రకారం ఆమోదం పొందినవాటికి, వలయంలో ఇంగ్లీషు 'ఈ' అక్షరం, పక్కన దేశపు అంకె ఉన్న గుర్తు పట్టీకే కుట్టి ఉంటుంది. ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్‌ను మళ్లీ వాడకండి.

తమ్ముడిదాన్ని ఫిర్యాదు కోసం దాచాను. నాదాన్ని ఈ ఉదయం పట్టీ కోసి, డొప్పను రంపంతో రెండు ముక్కలు చేసి పడేశాను. చెత్తలోంచి ఎవరైనా ఏరుకుని తలకు పెట్టుకుంటారేమోనని భయం వేసింది.