రివ్యూనా, అప్పీలా? సస్పెండైన లాయర్ ముందున్న రెండు దారులు
రాష్ట్ర బార్ కౌన్సిల్ క్రమశిక్షణ కమిటీ సస్పెండ్ చేసిందా? 1961 అడ్వొకేట్స్ చట్టంలో రెండు దారులున్నాయి. సెక్షన్ 44 రివ్యూ అంటే అదే కమిటీని మళ్లీ చూడమనడం. రికార్డులో కొట్టొచ్చినట్టు కనిపించే తప్పుంటే సరే, లేకపోతే శిక్ష వేసినవాళ్లే మనసు మార్చుకుంటారా చెప్పండి, పైగా మార్చుకున్నా బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఆమోదించేదాకా అది చెల్లదు. సెక్షన్ 37 అప్పీలు నేరుగా ఆ కౌన్సిల్‌కే వెళ్తుంది, అక్కడా ఓడితే సెక్షన్ 38 కింద సుప్రీంకోర్టు ఉంది. గడువు రెండింటికీ 60 రోజులే. అప్పీలుకి ఆర్డర్ మీకు తెలియజేసిన తేదీ నుంచి లెక్క; రివ్యూకి చట్టంలో ఆర్డర్ తేదీ నుంచి అని ఉన్నా, ఆర్డర్ మీకు తెలియజేసిన లేదా తెలిసిన తేదీ నుంచే లెక్కించాలని సుప్రీంకోర్టు 2003లో చెప్పింది. నా ఓటు అప్పీలుకే. అయితే అప్పీలు వేసినంత మాత్రాన సస్పెన్షన్ ఆగదు, స్టే విడిగా అడగాలి.