కోర్సు మధ్యలో ఆగిపోతే: 'డబ్ల్యూ' మేలా, 'ఇన్‌కంప్లీట్' మేలా?

అమెరికా యూనివర్సిటీల్లో జబ్బు చేసో, ఇంట్లో కష్టం వచ్చో కోర్సు పూర్తిచేయలేకపోతే సాధారణంగా రెండు దారులుంటాయి.

ఇన్‌కంప్లీట్ అంటే 'ఐ' గ్రేడు. కోర్సు పని చాలావరకు అయిపోయి, పాసయ్యే మార్కులుండి, చివరి పరీక్షో ప్రాజెక్టో మిగిలితేనే ప్రొఫెసర్లు ఒప్పుకుంటారు. గ్రేడ్లు పడకముందే అడగాలి. ఏ పని ఏ తేదీకి ఇవ్వాలో రాతలో తీసుకోండి. గడువు దాటితే చాలాచోట్ల అది 'ఎఫ్'గా మారిపోతుంది. కొత్త సెమిస్టర్ ఒత్తిడిలో పాత ప్రాజెక్టు వెనకబడటం మామూలే.

రెండోది విత్‌డ్రా, అంటే కోర్సు మధ్యలో వదిలేయడం; గ్రేడు బదులు 'డబ్ల్యూ' పడుతుంది. దీనికి గడువు ముఖ్యం. 'డబ్ల్యూ' జీపీఏలో కలవదు, కానీ ఆలస్యమైతే ఫీజు వెనక్కి రాదు. ఎఫ్-1 (విద్యార్థి) వీసా వాళ్లకు అసలు ప్రమాదం ఇక్కడే: బ్యాచిలర్స్‌లో 12 క్రెడిట్లకంటే తగ్గాలంటే డీఎస్‌ఓ (యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి) అనుమతి ముందే ఉండాలి. పోర్టల్‌లో డ్రాప్ నొక్కేశాక వెళ్తే స్టేటస్‌కే ముప్పు. అనారోగ్యమైతే డాక్టర్ లెటరుతో 'రిడ్యూస్డ్ కోర్స్ లోడ్' (తక్కువ క్రెడిట్లతో చదివే అనుమతి) అడగండి. ఒక డిగ్రీ స్థాయిలో మొత్తం 12 నెలల వరకు ఇవ్వొచ్చు.

సగం సిలబస్ కూడా కాకపోతే 'ఐ' కోసం పట్టుబట్టొద్దు. ముందు డీఎస్‌ఓను కలిసి, 'డబ్ల్యూ' తీసుకోండి.