రోడ్డు కంటే పల్లంలో ఉన్న గదికి మరుగుదొడ్డి: ఏడాదిన్నర వాడాక

మా ఇల్లు బెంగళూరు రాజరాజేశ్వరి నగర్‌లో ఏటవాలు వీధిలో ఉంది. వీధి వైపు నుంచి చూస్తే రెండంతస్తులు, వెనక నుంచి చూస్తే మూడు. ఆ మూడోది రోడ్డు మట్టానికి తొమ్మిదడుగుల కింద ఉంటుంది. ఇంట్లో మంచి వెలుతురు, పెరడు, జామచెట్టు నీడ అన్నీ దానికే దక్కాయి. ఒంగోలు నుంచి వచ్చిన మా అత్తయ్యగారి మనసంతా ఆ పెరట్లోనే ఉండేది. కానీ మరుగుదొడ్డికి వెళ్లాలంటే పదిహేడు మెట్లు ఎక్కి పైకి రావాలి. అరిగిన మోకాళ్లతో రోజుకు ఆరేడుసార్లు ఎక్కలేక, ఆవిడ మంచినీళ్లు తాగడం తగ్గించేశారు. ఆ సంగతి డాక్టరు చెప్పేదాకా నాకు తెలియలేదు. నన్ను కదిలించింది అదే. "కిందనే ఒక గది ఇచ్చెయ్యి అమ్మాయీ, పెరడు చూసుకుంటూ ఉంటాను" అని ఆవిడ అంతకు ముందే రెండుసార్లు అడిగారు.

గది ఇవ్వడం తేలికే. మరుగుదొడ్డి నీరు ఎటు పోవాలి? మురుగు పల్లానికి పారుతుంది, మా వీధి యూజీడీ (భూగర్భ మురుగు) లైనేమో ఆ గది నేల కంటే ఎత్తులో ఉంది. పెరట్లో గొయ్యి తవ్వి, అందులో మురుగు పంపు దించి పైకి తోడడం ఒక దారి. కదిరి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మా ప్లంబర్ దానికి ఒప్పుకోలేదు. "అక్కా, గొయ్యి దాకా పైపు వేయాలంటే గది నేల పగలగొట్టాలి. పగలగొడితే వానాకాలంలో ఊట వస్తుంది, మళ్లీ ఎవరూ ఆపలేరు" అన్నాడు. రెండో దారి, కమోడ్ వెనకాలే నేల మీద పెట్టే, మురుగును మెత్తగా చేసి పైకి నెట్టే మేసరేటర్ అనే పెట్టె. మేము అదే తీసుకున్నాం.

ఈ తరహా యంత్రం కొత్తదేమీ కాదు. ఫ్రాన్సుకు చెందిన ఎస్‌ఎఫ్‌ఏ సంస్థ 1958 నుంచి వీటిని తయారు చేస్తోంది, డెన్మార్క్‌కు చెందిన గ్రండ్‌ఫోస్ కూడా చేస్తుంది. ఫ్లష్ చేయగానే నీరు పెట్టెలోకి చేరుతుంది. లోపల మట్టం పెరిగితే ఒక చిన్న గొట్టంలో గాలి నొక్కుకుపోయి స్విచ్చిని తాకుతుంది, మోటారు తిరుగుతుంది. బ్లేడ్లు మలాన్నీ కాగితాన్నీ మెత్తగా చేస్తే, పంపు ఆ నీటిని బొటనవేలి లావు పైపులో పైకి నెడుతుంది. మామూలుగా నాలుగంగుళాల పైపు కావలసిన చోట 32 మిల్లీమీటర్ల పైపు సరిపోవడానికి కారణం ఇదే. మా పైపు ముందు నిటారుగా పదకొండు అడుగులు లేచి, రోడ్డు మట్టాన్ని దాటాక వంపు తిరిగి, కొద్ది వాలుతో మా కాంపౌండులోని ఛాంబర్‌లో కలుస్తుంది. అంత ఎత్తుకు లేపడం వృథా కాదు. భారీ వానకు మా వీధి చివర మ్యాన్‌హోల్ పొంగడం నేను కళ్లారా చూశాను. పైపు వంపు రోడ్డు కంటే పైన ఉండి, మధ్యలో నీటిని ఒకవైపే పోనిచ్చే నాన్ రిటర్న్ వాల్వ్ ఉంటే ఆ నీరు వెనక్కి తన్ని అత్తయ్యగారి గదిలోకి రాదు.

కొనే ముందు నాకు ఎవరూ చెప్పని విషయం కమోడ్ గురించి. మన దుకాణాల్లో ఎక్కువగా కనిపించేవి ఎస్ ట్రాప్‌వి, వాటి నీరు నేలలోకి దిగుతుంది. ఈ పెట్టెకు పీ ట్రాప్ కావాలి, అంటే నీరు వెనక గోడ వైపు అడ్డంగా బయటికి రావాలి. నేను ముందే కొన్న కమోడ్‌ను మార్చుకోవలసి వచ్చింది.

ఇక స్నానం దగ్గర అసలు చిక్కు. పెట్టె నేల మీద కూర్చుంటుంది కాబట్టి, స్నానపు నీరు అందులోకి పారాలంటే జాలీ దానికంటే ఎత్తులో ఉండాలి. అందుకని మేస్త్రీ స్నానం చేసే చోటును ఆరంగుళాలు లేపాడు. మెట్లు తప్పించాలని మొదలుపెట్టిన పనిలో మళ్లీ ఒక మెట్టు వచ్చి కూర్చుంది! రెండు రోజులు నిద్ర పట్టలేదు. చివరికి దాన్ని మూడేసి అంగుళాల రెండు మెట్లుగా విడగొట్టించి, రెండు వైపులా పట్టుకునే స్టీలు కడ్డీలు పెట్టించాను. ఇంకో సంగతి, మన పెద్దవాళ్లు బకెట్టు, చెంబుతో స్నానం చేసి చివర మిగిలిన నీళ్లను ఒక్కసారిగా దొర్లించేస్తారు. షవర్ ధారకు తగ్గట్టు చేసిన ఈ యంత్రం అంత నీటిని ఒకేసారి మింగలేదు. మొదటివారం ఆవిడ పాదాలు మునిగేంత నీళ్లు నిలిచాయి, అర నిమిషంలో పోయాయి కానీ ఆవిడ హడలిపోయారు. ఇప్పుడు మిగిలిన నీళ్లను చెంబుతోనే వంపుతున్నారు. నేలకు గరుకు టైల్స్ వేయించడం మాత్రం మరచిపోకండి.

శబ్దం గురించి అందరూ అడుగుతారు. ఫ్లష్ చేశాక పది పన్నెండు సెకన్లు మిక్సీకి కొంచెం తక్కువగా మోగుతుంది. మొదట్లో పెట్టె గోడకు ఆని ఉండడంతో పై గదిలోకి కూడా వినిపించేది. కింద రబ్బరు పరిచి, రెండు వేళ్ల సందు వదిలాక తలుపు వేస్తే పక్కగదిలో నిద్ర చెడదు.

కరెంటు లేకపోతే పెట్టె పనిచేయదు. మా మోటారు 600 వాట్లకు పైనే, తిరగడం మొదలైన క్షణంలో ఇంకా ఎక్కువ లాగుతుంది. పాత ఇన్వర్టర్ ఆ తాకిడికి ఆగిపోయింది, పెద్దది కొనవలసి వచ్చింది. పెట్టె రూ.68,000, పైపులు, మేస్త్రీ కూలి, ఇన్వర్టర్ అన్నీ కలిపి లక్షన్నర దాటింది. యంత్రం ధర ఒక్కటే చూసి లెక్క వేసుకుంటే తప్పుతుంది.

ఆరో నెలలో ఒక రాత్రి రెండు గంటలకు మోటారు దానంతట అదే తిరిగింది. ఆగింది. నాలుగు నిమిషాలకు మళ్లీ తిరిగింది. తెల్లవార్లూ అదే వరస. సర్వీసు మనిషి రావడానికి నాలుగు రోజులు పట్టింది, ఆ నాలుగు రోజులూ అత్తయ్యగారు మళ్లీ పదిహేడు మెట్లు ఎక్కారు. నా కోపమంతా ఆ నాలుగు రోజుల మీదే. ఇలాంటి యంత్రం అమ్మేవాళ్లు మరునాటికల్లా మనిషిని పంపగలగాలి. వచ్చినతను బకెట్ల కొద్దీ మంచినీళ్లు పోసి తోడించి, కరెంటు తీసి, వాల్వ్ విప్పాడు. వాల్వ్‌ను మూసే పలక అంచున పాత్రలు తోమే పీచు ముక్క ఒకటి, దానికి చుట్టుకున్న పొడవాటి వెంట్రుకలు. పలక మూసుకోక, పైపులోని నీరు వెనక్కి జారి పెట్టెను నింపుతోంది. నాకు ఎక్కువ బాధ కలిగించింది మాత్రం గాలి గొట్టం మూతి. మా బోరు నీటి ఉప్పు దాని చుట్టూ తెల్లగా, సున్నంలా పేరుకుని, గోటితో గీస్తే పెచ్చులుగా ఊడింది. "ఇంకో రెండు నెలలు ఇలాగే వదిలితే మట్టం తెలియక మోటారు తిరగనే తిరగదు మేడమ్" అన్నాడతను. మరుగుదొడ్లకు వాడే యాసిడ్ పోయవద్దనీ, రబ్బరు సీళ్లు పాడవుతాయనీ చెప్పాడు. అప్పటి నుంచి రెండు నెలలకొకసారి నిమ్మ ఉప్పు కరిగించిన గోరువెచ్చని నీళ్లు పోసి, రెండు గంటలు ఉంచి తోడేస్తున్నాం.

వంటగది తర్వాత వచ్చింది. ఆవకాయ కాలంలో ఆవిడకు పెరటి పక్కనే చోటు కావాలి. సింకును కమోడ్ పెట్టెకు కలపకుండా, సింకు కింద విడిగా చిన్న పంపు పెట్టించాం. ఇందులో బ్లేడ్లు ఉండవు. జాడీలు కడిగిన నూనె జిడ్డుగా పేరుకుంటే పంపుకు ముప్పు, అందుకే ముందు నూనెను ఆపే డబ్బా ఒకటి బిగించాం, పదిహేను రోజులకొకసారి పైన తేలిన జిడ్డును నేనే తీస్తాను. మరిగే గంజి వార్చకూడదు, చింతపండు పిప్పి, కరివేపాకు ఈనెలు జల్లెడ దాటకూడదు. గంజి ఇప్పుడు చల్లారాక జామచెట్టు పాదులోకి వెళ్తోంది.

నా సలహా ఇది. ఇంట్లో మామూలు మరుగుదొడ్డి ఇంకొకటి ఉంటేనే దీన్ని పెట్టించుకోండి, ఇది ఒక్కటే ఆధారంగా వద్దు. పెట్టెను టైల్స్ వెనక దాచవద్దు, మూత విప్పేందుకు మనిషి కూర్చునేంత చోటు వదలండి. బెంగళూరులో బేస్‌మెంటుకు ఎక్కువగా వాహనాలు నిలుపుకోవడానికే అనుమతి ఇస్తారు కాబట్టి ప్లానులో మీ కింది అంతస్తు దేనికి అని రాసి ఉందో ముందు చూసుకోండి. వెట్ వైప్స్, ప్యాడ్లు, దూది, వెంట్రుకలు ఏవీ కమోడ్‌లో పడకూడదు. మా ఇంట్లో కమోడ్ పక్కన మూత ఉన్న బుట్ట పెట్టి, వచ్చిన చుట్టాలందరికీ నేనే చెబుతాను.

అత్తయ్యగారు ఇప్పుడు పొద్దున్నే లేచి, మంచం పక్కన ఉన్న చెంబెడు నీళ్లు తాగేసి పెరట్లోకి వెళ్తున్నారు.